మా మేడ మీది టూరిస్టు

పర్ణశాలకు వచ్చే యాత్రికులు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోతారు. రాములవారిని చూసి, వాగు దగ్గర ఫోటోలు దిగి, మా ఆయన కొట్టులో ఒక కొబ్బరికాయో, పిల్లలకు ఒక ప్లాస్టిక్ విల్లో కొనుక్కుని భద్రాచలం బస్సెక్కుతారు. రాత్రికి ఉండిపోయేవాళ్ళు అరుదు. అందుకే మేడ మీద వేసిన ఒక్క గదికి "రూము కిరాయికి కలదు" అన్న బోర్డు మీద ఇంగ్లీషులో కూడా రాయమని మా ఆయన అంటే నాకు నవ్వొచ్చింది.

అయినా రాశాను. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే. భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. కరోనాలో బడి మూతపడింది. మళ్ళీ తెరిచినప్పుడు పాతవాళ్ళలో కొందరినే పిలిచారు. ఆ కొందరిలో నేను లేను. అప్పటి నుంచి కొట్టులో కూర్చుని పసుపు కుంకాలు పొట్లాలు కడుతున్నాను.

ఆమె తొలకరి పడ్డ వారంలో వచ్చింది. ఆటో దిగి, వీపున ఒక పెద్ద సంచి, ల్యాప్‌టాప్ సంచిని మాత్రం చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ముందుకు పట్టుకుని బోర్డు చూస్తూ నిలబడింది. తెల్లావిడ, యాభైకి దగ్గరగా ఉంటాయి. ఎండకు ముక్కు ఎర్రగా కమిలింది. కిరాయి ఎంతని అడగలేదు, నీళ్ళు వస్తాయా అనీ అడగలేదు. "ఇక్కడ నెట్ ఎలా ఉంటుంది?" అన్నది మొదటి ప్రశ్న. మేడెక్కి, ఫోను పైకెత్తి నాలుగు మూలలకూ తిరిగింది. చివరికి ఒక మూల ఆగి నవ్వింది. మాకు అద్దెకు మనిషి దొరికిందని ఆ నవ్వుతో తెలిసింది.

మా ఇద్దరి మాటలూ ఇంగ్లీషులోనే నడిచేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

విదేశీయులు ఇంట్లో దిగితే పోలీసులకు చెప్పాలి. మా ఆయన ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పి వచ్చాడు. మాది అడవి అంచు, ఛత్తీస్‌గఢ్ పక్కనే. కొత్త ముఖం కనిపిస్తే ఆరా తీయడం ఇక్కడ మామూలే. మర్నాడు ఒక కానిస్టేబుల్ వచ్చి కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏం పని మీద వచ్చిందంట?"

"టూరిస్టు వీసా సార్. మూడు నెలలదాకా ఉండొచ్చంట" అన్నాడు మా ఆయన.

"మూడు నెలలా? గుడి చూసేటందుకు గంట చాలు. మూడు నెలలు ఈడ ఏం చూస్తది?"

మా ఆయన నా వంక చూశాడు. "గోదావరి గాలికి వచ్చింది సార్. ఆరోగ్యం కోసం" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే, ఆమె మాకు చెప్పిందీ అంతే.

"సరే. అడవి దిక్కు పోనీయకుర్రి. ఏదన్న అయితే జల్దీ ఫోన్ చేయాలె" అని టీ తాగి వెళ్ళాడు.

అడవి వైపే కాదు, ఆమె ఏ వైపూ వెళ్ళలేదు. గుడి మా ఇంటికి కూతవేటు దూరం. గుడికీ రాలేదు. పొద్దున మేడ మీద బట్టలు ఉతుక్కునేది, మా అత్తమ్మ పెట్టిన ఉప్మా తినేది, మధ్యాహ్నం కాగానే తలుపు వేసుకునేది. ఇక చీకటి పడ్డాక కూడా లోపలి నుంచి టకటకమని చప్పుడే. మా అత్తమ్మ ఒకరోజు మెట్ల కింద నిలబడి విని, "ఏందే గది, బియ్యంల రాళ్ళు ఏరినట్టు?" అంది.

"పని చేసుకుంటుందత్తమ్మా."

"దేశం గాని దేశం వచ్చి పని చేసుడేంది? ఆళ్ళ దేశంల పనులు లెవ్వా?"

కొన్నాళ్ళకు ఆమే చెప్పింది. ఐరోపాలో ఏదో పేరున్న ఫర్నిచర్ కంపెనీకి ఆమె జవాబులు రాసే మనిషి. సోఫా ఆలస్యమైందని, మంచం కోడు విరిగిందని, అల్మారాతో వచ్చిన మరలు తక్కువయ్యాయని రోజూ జనం రాస్తుంటారు. ఇంగ్లీషులో వచ్చేవాటికి ఈమె జవాబివ్వాలి. ఇంటి నుంచి పని చేయొచ్చు, కానీ ఆ ఇల్లు వాళ్ళ దేశంలోనే ఉండాలి. కంపెనీవాళ్ళు ఆమె ఇప్పటికీ వాళ్ళ ఊళ్ళోనే ఉందనుకుంటున్నారు. అలా కనబడేటట్టు కంప్యూటరులో ఏదో ఏర్పాటు చేసుకుంది. వారానికోసారి వీడియో మీటింగు ఉండేది. దానికోసం నా దగ్గర ఒక తెల్ల దుప్పటి అడిగి తీసుకుని, పచ్చరంగు గోడ కనబడకుండా వెనకాల కట్టింది. ఆ గంటసేపు ఫ్యాను కట్టేసి, కిటికీ మూసి, చెమటలు కక్కుతూ కూర్చునేది. పైన ఉన్ని కోటు. వాళ్ళ ఊళ్ళో వేసవిలో కూడా చలేనట.

"ఎందుకింత కష్టం? మీ ఊళ్ళోనే ఉండొచ్చు కదా" అన్నాను.

"మా ఊళ్ళో ఈ జీతంతో గది దొరకదు" అంది. ఒకప్పుడు ఒక మనిషితో కలిసి ఉండేదట. విడిపోయాక ఆ ఇంటి అద్దె ఒక్కతే కట్టలేకపోయింది. చౌక దేశంలో ఒక ఏడాది ఉండి కాస్త వెనకేసుకుని తిరిగి వెళ్దామనుకుంది. ఆ ఏడాదిలోనే అక్కడ అద్దెలు ఇంకా పెరిగాయి. ఇంకో ఏడాది అనుకుంది. ఒక దేశంలో గడువు అయిపోగానే ఇంకో దేశం. ప్రతిచోటా విమానాశ్రయంలో ఎందుకొచ్చారని అడిగితే చూడటానికి అని చెప్పడం.

"ఏం చూశారు ఇన్ని దేశాల్లో?"

"గదులు" అంది.

ఆ మాట విన్న రోజు నుంచి ఆమె మీద నాకున్న ఒక రకమైన అసూయ పోయింది. అంతకుముందు, లోకమంతా తిరిగే ఆడమనిషి, ఎవరినీ అడగాల్సిన పని లేదు అనుకునేదాన్ని. మా ఆయన మాత్రం వేరే లెక్కల్లో ఉన్నాడు. "గిట్లాటోళ్ళు ఇంకో ఇద్దరు దొరికితే పక్కన ఇంకో రూము ఎయ్యొచ్చు" అని ఇటుకల బట్టీ అతనితో మాట్లాడి కూడా వచ్చాడు.

వానలు బాగా పడుతున్న రోజుల్లో ఆమెకు జ్వరం పట్టుకుంది. మా వైపు ఈ కాలంలో జ్వరం వస్తే ముందు అనుమానం మలేరియా మీదికే పోతుంది. పక్క గూడెం నుంచి ఆశా కార్యకర్త వచ్చి, వేలు గుచ్చి చూసి, మలేరియానే అంది. మాత్రలిచ్చి, "జ్వరం తగ్గినా ఇవి ఆపొద్దు, రెండు వారాలు మింగాలె" అని నాతో చెప్పించింది.

నేను అనుకున్నాను, సెలవు పెట్టి పడుకుంటుందని. మధ్యాహ్నం జావ తీసుకుని పైకి వెళ్తే దుప్పటి కప్పుకుని, పళ్ళు కొట్టుకుంటూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"సెలవు పెట్టండి."

"పెడితే డాక్టరు చీటీ అడుగుతారు. మా ఊరి డాక్టరు చీటీ. అందులో మలేరియా అని ఎవరు రాస్తారు?"

అక్షరాలు కనబడటం లేదంది. నేను కుర్చీలో కూర్చున్నాను. ఆమె మంచం మీద పడుకుని కళ్ళు మూసుకుని చెబితే నేను టైపు చేశాను. రెండో రోజుకు ఆమె చెప్పాల్సిన అవసరం లేకపోయింది. చదివి వినిపించేదాన్ని, ఆమె తలూపేది, నేనే రాసేదాన్ని. ఎవరో ముసలాయన తన భార్యకు కొన్న కుర్చీ విరిగి వచ్చిందని బాధగా రాశాడు. నాకు తోచినట్టు జవాబిచ్చాను. కాసేపటికి ఆయన దగ్గర నుంచి ఇంకో సందేశం. ఇంత ఓపికగా తనకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదని, చాలా సంతోషమని.

ఆమెకు చదివి వినిపించాను. జ్వరంలోనే నవ్వి, "ఇది నీకే వచ్చింది" అంది.

బడి పోయాక నా ఇంగ్లీషుకు వచ్చిన మొదటి మెచ్చుకోలు అది. ఆ సాయంత్రం మెట్లు దిగుతుంటే నా కాళ్ళు నేల మీద లేవు. ఈ పని నేను చేయగలను. ఇక్కడే, ఈ ఊళ్ళోనే, నా ఇంట్లో కూర్చుని చేయగలను. ఆమె కాస్త తేరుకున్నాక ధైర్యం చేసి అడిగాను, మీ కంపెనీలో నా గురించి చెబుతారా అని.

"తప్పకుండా చెబుతాను" అంది వెంటనే. మరుక్షణం ముఖం వాడిపోయింది. "ఎలా చెబుతాను? ఈమెను నువ్వెక్కడ కలిశావని అడుగుతారు కదా."

కింద నుంచి మా ఆయన కొట్టు షట్టరు దించే చప్పుడు వినబడింది.

ఆమె ఇంకా నీరసంగా ఉండగానే గోదావరి పెరగడం మొదలైంది. పైనెక్కడో ఎడతెరిపి లేని వానలు. భద్రాచలం దగ్గర మొదటి హెచ్చరిక అన్నారు, తర్వాత రెండోది అన్నారు. మా ఆయన కొట్టులోని సామాను బస్తాల్లో కట్టి మేడ మీదికి చేరవేస్తున్నాడు. ఆ రోజే ఆమెకు వీడియో మీటింగు. నేను టీ ఇవ్వడానికి వెళ్ళి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను. దుప్పటి కట్టి ఉంది. కోటు వేసుకుని ఉంది. తెర మీద ఐదారు ముఖాలు. మాట్లాడుతున్నది ఆమె పై అధికారి, ఇరవై ఏడో ఎనిమిదో ఉండే అమ్మాయి.

సరిగ్గా అప్పుడు మా వీధిలోకి ట్రాక్టరు వచ్చింది, మైకుతో. "గోదావరి పెరుగుతున్నది! ఒడ్డుకున్న ఇండ్లోళ్ళందరు సామాన్లు సదురుకొని దుమ్ముగూడెం బడికి రావాలె! ఎవ్వరు నీళ్ళల్లకు దిగొద్దు!" మూసిన కిటికీ అద్దాలు గడగడలాడాయి.

తెర మీద ముఖాలన్నీ ఆగిపోయాయి. "ఏమిటా చప్పుడు?" అంది ఆ అమ్మాయి.

"బయట ఎన్నికల ప్రచారం" అంది ఈమె. గొంతు మామూలుగానే ఉంది.

"ఏ భాషలో?"

ట్రాక్టరు మా ఇంటి ముందే ఆగి, ఇంకోసారి మొదటి నుంచి చెప్పింది. ఆ అమ్మాయి కోపపడలేదు. చాలా మర్యాదగా, "మనిద్దరం తర్వాత విడిగా మాట్లాడుకుందాం" అంది. అంతలో కరెంటు పోయింది, నెట్ పోయింది, తెర నల్లబడింది. ఆమె కోటు విప్పి మడతపెట్టి మంచం మీద పెట్టింది.

సాయంత్రానికి నీళ్ళు వీధి చివరికి వచ్చాయి. అందరం ట్రాక్టరెక్కాం. దుమ్ముగూడెం బడిలో ఒక తరగతి గదిలో మాకు చోటు దొరికింది. ఏటి ఒడ్డు గూడేల నుంచి వచ్చిన కోయ కుటుంబాలు అప్పటికే అక్కడ ఉన్నాయి. ఈమెను చూసి ఆడవాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకుని, సర్దుకుని, గోడ పక్కన చాప పరిచారు. అన్నం పొట్లాలు పంచుతూ వచ్చిన కానిస్టేబుల్ ఆమెను గుర్తుపట్టాడు. "ఏందమ్మా, టూరిస్టు మేడం ఈడ గూడ ఉన్నదా?" అని నన్నడిగి, ఆమెకు రెండు పొట్లాలిచ్చాడు.

ఆమెకు తిండి ధ్యాస లేదు. వానలో బడి ఆవరణంతా ఫోను ఎత్తి పట్టుకుని తిరిగింది. రోడ్డు మీదికి నడిచింది. బస్సు షెల్టరు కింద నిలబడింది. మా ఆయన గొడుగు పట్టుకుని వెంట తిరిగి, తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. "టవరే పడుకుంది, ఇంక ఈమె ఎంత తిరిగితే ఏం దొరుకుతది, చెప్పు నువ్వు" అన్నాడు నాతో. చెప్పాను. ఆమె విని, మళ్ళీ లేచి వెళ్ళింది.

హడావుడిలో మాత్రలు గదిలోనే మరిచిపోయామని అక్కడికి వెళ్ళాక తెలిసింది. శిబిరంలో డాక్టరు ఉన్నాడు గానీ ఆమె చూపించుకోనంది. జ్వరం లేదు కదా అంది.

నీళ్ళు తగ్గాక ఇంటికి వచ్చాం. కింది గదుల్లో మోకాలి లోతు ఒండ్రు. మేడ మీద గదికి ఏమీ కాలేదు. మాత్రల సంగతి ఇద్దరికీ మళ్ళీ గుర్తు రాలేదు. కరెంటు కంటే ముందు సిగ్నలు వచ్చింది. మెట్ల మీద నిలబడి ఆమె ఫోను చూసుకోవడం నేను కింద నుంచి చూశాను. చదివింది, మళ్ళీ చదివింది, జేబులో పెట్టుకుంది. కిందికి వచ్చి మా అత్తమ్మ చేతిలోని పార అందుకుని బురద ఎత్తడం మొదలుపెట్టింది.

"పోయిందా?" అన్నాను.

"పోయింది. ఎక్కడి నుంచి పని చేస్తున్నానో అబద్ధం చెప్పినందుకు. వాళ్ళ తప్పేం లేదు." ఇంకో పార ఎత్తి బయట పోసి వచ్చింది. "ఇప్పుడు నేను నిజంగా టూరిస్టునే."

మర్నాడు మా అత్తమ్మ ఆమెను గుడికి తీసుకుపోదామంది. "ఇన్నాళ్ళు ఉండి రామున్ని చూడకుంట పోతదా" అని. ముగ్గురం వెళ్ళాం. దారంతా ఒండ్రు. గుడి లోపల పైపులతో కడుగుతున్నారు, ఎవరినీ రానివ్వడం లేదు. వాగులో సీతమ్మ నారచీర ఆనవాళ్ళని యాత్రికులకు చూపించే రాళ్ళు బురద కింద ఎక్కడున్నాయో మాకే తెలియలేదు. మా అత్తమ్మ వేలితో అటూ ఇటూ చూపించి, "గీడనే ఉండాలె, నీళ్ళు మంచిగైనంక కనబడ్తయ్" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె ఆ బురద వంక చూస్తూ, చాలా బాగుంది అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె పని కోసం వెతుక్కుంది. రోజంతా అర్జీలు పంపేది. నన్ను కూడా కూర్చోబెట్టి నా పేరుతో పంపించింది. ఇద్దరికీ ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. ఇప్పుడు ఇలాంటి ఫిర్యాదులకు యంత్రమే జవాబులు రాస్తోందని, మనుషులను తగ్గిస్తున్నారని ఆమె చెప్పింది. తన కుర్చీలో కూడా మనిషిని పెట్టరేమో అంది. మా ఆయన ఇటుకల సంగతి మళ్ళీ ఎత్తలేదు. కొట్టులో మిగిలిన సామాను తుడిచి ఎండబెట్టుకోవడంతోనే సరిపోయింది.

కానిస్టేబుల్ మళ్ళీ వచ్చాడు. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు. "డేటు దగ్గరపడ్డది. దాటిందంటే ఆమెకూ కష్టమే, మీకూ కష్టమే. పంపియ్యుర్రి" అన్నాడు. కసురుకోలేదు. మేడ వంక చూసి, "పాపం, ఏడికి పోతదట?" అని అడిగాడు.

"తెలవదు సార్" అన్నాడు మా ఆయన. నిజంగానే తెలియదు. ఆమెకూ అప్పటికి తెలియదు. ఫోనులో దేశాల పేర్లు చూస్తూ, ముందుగా వీసా అడగనిది, టికెట్టు తక్కువలో వచ్చేది ఏదో వెతుకుతోంది. చివరికి ఒకటి దొరికింది. ఆ ఊరి పేరు పలకడం ఆమెకూ సరిగా రాలేదు.

నేను భద్రాచలం బస్టాండు దాకా వెళ్ళాను. హైదరాబాదు బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద కూర్చున్నాం. ముఖం పాలిపోయి ఉంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడాలనిపించింది, పెట్టాను. కాస్త వెచ్చగా తగిలింది. ఎండకేమో అనుకున్నాను.

"మీ వాళ్ళెవరూ లేరా, వెళ్ళి కొన్నాళ్ళు ఉండటానికి?"

"తమ్ముడున్నాడు. వాడింట్లో చోటు లేదు. నేను అడిగితే వాడు లేదనలేడు. అందుకే అడగను."

"మళ్ళీ ఇక్కడికి రండి. కిరాయి వద్దు" అన్నాను. మా ఆయనను అడగకుండానే అన్నాను.

"టూరిస్టుగానా?" అని నా చెయ్యి పట్టుకుంది. బస్సు వచ్చేదాకా వదల్లేదు. కిటికీ దగ్గర సీటు దొరికింది గానీ, జనం మధ్య నుంచి ఆమె నన్ను వెతుక్కునేలోపే బస్సు కదిలింది.

కొన్ని వారాల తర్వాత ఫోనులో సందేశం వచ్చింది. జ్వరం మళ్ళీ వచ్చిందని, అక్కడి డాక్టరుకు చెప్పడానికి ఆ మాత్రల పేరు కావాలని. ఆశా కార్యకర్తను అడిగి ఫోటో తీసి పంపాను. చాలా రోజులు ఆమె దాన్ని చూసినట్టే లేదు. దసరా అయ్యాక ఒక్క వాక్యం వచ్చింది. జ్వరం తగ్గింది, ఈ దేశంలో కూడా గడువు అయిపోతోంది, ఇంకోటి చూసుకోవాలి. ఎలా ఉన్నారు, ఎక్కడున్నారు అని రాశాను. దానికి జవాబు రాలేదు. తర్వాత రాసినవాటికీ రాలేదు. ఫోను పోయిందో, నంబరు మారిందో, ఇంకేమైందో నాకు తెలియదు. ఎవరిని అడగాలో కూడా తెలియదు. ఆమె ఎక్కడిదని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఒక ఊరంటూ లేదు.

నేను ఇప్పటికీ అప్పుడప్పుడు పనుల కోసం అర్జీలు పంపుతూనే ఉన్నాను. రానురాను తగ్గించాను. కొట్టులో కొత్త సరుకు వచ్చింది, మేడ మీద గదిలో పాత బస్తాలు పెట్టుకున్నాం. బోర్డు మీద ఇంగ్లీషులో రాసిన వైపు వరదకు చెరిగిపోతే మా ఆయన మళ్ళీ రాయమనలేదు.

మొన్న వాకిట్లో చిక్కుడుకాయలు వలుస్తూ మా అత్తమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"ఆ తెల్లబిడ్డ ఇల్లు చేరిందానే?"

"చేరిందత్తమ్మా."

"ఫోన్ చేసిందా?"

"అవ్, చేసింది."

"మంచిగున్నదంటనా?"

"మంచిగుందట" అన్నాను. అత్తమ్మ ఇంకేదో అడగబోతుంటే లేచి, వలిచిన గింజలు కడగడానికి లోపలికి తీసుకుపోయాను.